మైనా పెట్టె కేసు

(పెరడు. సాయంత్రం. ఇనప గొట్టం మీద ఒక చెక్క పెట్టె, దాని కింద మూడు కుర్చీలు. ఒక వడ్రంగి, ఒక ఎలక్ట్రీషియన్, ఇద్దరి మధ్యా ఒక అమ్మాయి. ఆమె మొదటాయనకి కూతురు, రెండో ఆయనకి కోడలు.)

"ఎవరూ కదలొద్దు!"

"నేనెక్కడ కదులుతానమ్మాయ్, నెత్తిన పిడుగు పడితే!"

"పిడుగు కాదు మావయ్యా. గుడ్డు."

"గుడ్డా?"

"నీలం గుడ్డు. పెట్టెలోంచి వచ్చి మీ గుండు మీద పడి, ఎగిరి, నాన్న టీ గ్లాసుకి తగిలి, కుర్చీ కిందకి దొర్లింది. నాన్నా, కాలు దించకు! తొక్కేస్తావు."

"ఎత్తే ఉంచాను చిట్టీ. ఎంతసేపని ఉంచను? కొంగలా ఉన్నాను."

"ఒక్క నిమిషం... ఇంకొంచెం పక్కకి... ఆఁ, దొరికింది. దించు."

"నీలం అన్నావా అమ్మాయ్? మైనా గుడ్డు నీలంగానే ఉంటుంది కదా? మీరే కదా బావా చెప్పారు? ఇంకేం మరి! మైనా దిగింది, గుడ్డు పెట్టింది, పందెం మీరు గెలిచారు. వెనకగది మీదే. అయిపోయింది. టీ చల్లారిపోతోంది, తాగండి."

"మావయ్యా, ఓడిపోయి ఇంత సంబరపడే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు."

"నాకు ఆటలో గెలుపోటములు సమానం."

"నిన్న క్యారమ్స్‌లో ఓడిపోయి బోర్డు తిరగేశారు."

"అది వేరు. అది మీ నాన్న తొండి."

"నేనా? బావగారూ, ఎర్రబిళ్ళ లుంగీలో దాచుకున్నది ఎవరు?"

"అది జారి పడింది!"

"పైకి జారిందా?"

"ఆగండి! ఇద్దరూ ఆగండి. నాకు ఒక్క చిన్న అనుమానం. అంత ఎత్తునుంచి గుడ్డు పడింది. గుండుకి తగిలింది, గ్లాసుకి తగిలింది, గచ్చు మీద దొర్లింది. పగల్లేదు. ఎందుకు?"

"నా జుట్టు మెత్తన కదా, అందుకని..."

"ఏ జుట్టు బావగారూ?"

"ఉన్నంతలో."

"బల్ల మీద గ్లాసులు తియ్యండి. దీన్ని తిప్పి చూస్తాను. పచ్చి గుడ్డయితే తాగినవాడిలా తూలుతుంది. ఉడికిందయితే... చూశారా? బొంగరం!"

"అబ్బ, ఎంత బాగా తిరుగుతోందే!"

"నాన్నా, ఆనందించకు. ఇది ఉడకబెట్టిన గుడ్డు."

"ఎండలు మండిపోతున్నాయి అమ్మాయ్. పెట్టెలోనే ఉడికిందేమో."

"మావయ్యా!"

"ఉన్నమాటే అంటున్నాను. నిన్న మీ స్కూటర్ సీటు మీద నేను కూర్చోలేకపోయాను."

"ఇంక నేను కోడల్ని కాదు. కూతుర్ని కూడా కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇన్సూరెన్స్ ఆఫీసులో దొంగ క్లెయిములు పట్టేదాన్ని. తన కారు తనే చెరువులో తోసి ఏడ్చుకుంటూ వచ్చేవాళ్ళని రోజూ చూస్తాను. నా ఇంట్లో, నా పెరట్లో, నా కళ్ళ ముందు దొంగ గుడ్డా? కూర్చోండి. విచారణ మొదలు."

"అధికారిగారూ, నాకింకో టీ పోస్తారా?"

"విచారణ అయ్యాక నాన్నా. ముందు కేసు చెబుతాను, తప్పయితే ఆపండి. నువ్వు మూడు పెట్టెలు చేశావు. చూరు కింద చిన్నది పిచ్చుకకి, నా రెండు వేళ్ళు మాత్రమే దూరే కన్నం. గోడ మూల చెట్టు మీద పొడుగాటిది చిలకకి, మోచెయ్యంత లోతు."

"లోపల గోడలు గరుకుగా వదిలేశాను. చిత్రిక పట్టలేదు. నున్నగా ఉంటే పిల్లలు పైకి పాకలేవు, జారిపోతాయి. అది కూడా రాసుకో."

"నేనేం రాయట్లేదు. మూడోది ఇది, మైనాకి. పెట్టెలు నీవి, ఎక్కడ బిగించాలో చెప్పేది మావయ్య. ఇవాళ పొద్దుగూకేలోపు మూడింట్లోనూ పక్షులు కాపురం పెట్టాలి. పెడితే వెనకగది ఎప్పటికీ నీ పనిగది, మావయ్య పాత ఫ్యాన్లన్నీ అటకెక్కాలి. పెట్టకపోతే నీ రంపాలూ ఉలులూ సర్దుకుని నువ్వు ఊరవతల అద్దెకొట్టుకి పోవాలి. అక్కడే పని, అక్కడే పడక. ఇదేనా పందెం?"

"ఇదే."

"పిచ్చుక దిగింది."

"దిగింది."

"చిలక దిగింది."

"జంటగా దిగింది. నిన్న నా వేలు కూడా కొరికింది, ముచ్చటగా."

"మైనా మాత్రం దిగలేదు. గేటు మీద మైనా, తీగ మీద మైనా, మావయ్య బండి అద్దం ముందు మైనా. ఈ పెట్టెలోకి మాత్రం ఒక్కటీ రాలేదు."

"కన్నం ఇరుకు. అందుకే రాలేదు. మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను, మైనాకి పొట్ట ఉంటుంది బావా, అదేమన్నా తీగా, సందులోంచి లాగడానికి?"

"నా కన్నం కొలత ప్రకారం ఉంది! చోటు తప్పు. కన్నం వీధిదీపం వైపు పెట్టారు. రాత్రంతా మొహం మీద లైటు పడుతుంటే మీరు పడుకుంటారా? ఇటు పెరటివైపు తిప్పండి బావగారూ అని కాళ్ళావేళ్ళా పడ్డాను."

"కాళ్ళావేళ్ళా పడ్డారా? 'కరెంటు తప్ప బుర్రలో ఇంకేమీ లేదు' అన్నారు."

"మర్యాదగానే అన్నాను."

"పైగా నేను కన్నం ముందు కూర్చోడానికి పుల్ల పెట్టమంటే నవ్వారు."

"పుల్ల పెడితే మైనా కంటే ముందు కాకి కూర్చుంటుంది, లోపలికి ముక్కు పెట్టి పిల్లల్ని లాగేస్తుంది. మీరు పుల్లతో ఆగారా? కాలింగ్ బెల్ పెడదామన్నారు!"

"చిన్నది!"

"చాలు! అబ్బా, ఆ తీగ మీది మైనా ఏంటి, మనకంటే ఎక్కువ అరుస్తోంది. హుష్! పో! ఆఁ, ఎక్కడున్నాం? మా ఆఫీసులో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. దీనివల్ల లాభం ఎవరికి?"

"నన్ను చూస్తావేంటే?"

"గుడ్డు ఉంటే గది ఎవరికొస్తుంది నాన్నా?"

"కన్నతండ్రిని!"

"మొన్న ఒక పెద్దాయన తన కొట్టు తనే తగలబెట్టుకుని వచ్చాడు. ఆయన కూడా ఎవరికో కన్నతండ్రే."

"చిట్టీ, ఆ గుడ్డు ఇలా ఇవ్వు. ఇవ్వవే, మింగనులే. ఇదిగో చూడు. నీలం కింద మచ్చలు కనబడుతున్నాయా? మైనా గుడ్డు మీద మచ్చ ఉండదు, ఆకాశంలా ఉంటుంది. ఇది కౌజుపిట్ట గుడ్డు. అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారే, అది. రంగు చూడు, ఒకవైపు ముదురు, ఒకవైపు వెలిసిపోయింది. నేను దొంగపని చెయ్యాలనుకుంటే ఇంత నాసిరకంగా చేస్తానా?"

"నాసిరకం ఏంటి బావా! అంత కష్టపడి..."

"ఏంటి మావయ్యా?"

"ఊఁ?"

"అంత కష్టపడి, ఏంటి?"

"అంత కష్టపడి ఎవరు చేశారో పాపం, అంటున్నాను. ఎవరైతేనేం, కళాకారుణ్ణి అలా తీసిపారెయ్యకూడదు."

"మీ చెయ్యి జేబులోంచి తియ్యండి."

"చలిగా ఉంది."

"ఇప్పుడే కదా ఎండకి గుడ్లు ఉడుకుతున్నాయన్నారు!"

"నాకు చలీ ఎండా ఒకేసారి వస్తాయమ్మాయ్. వయసు."

"నువ్వు మధ్యలో ఆయన్నెందుకు అంటావే? ఆయనకి లాభమేంటి? బావగారు నా గది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఫ్యాన్లు తుడుచుకుంటూ కూర్చున్నారు."

"అవును! నేను దుర్మార్గుణ్ణి! అది మర్చిపోకు అమ్మాయ్!"

"మీ అబ్బాయినీ అడగాలి."

"వాడా? వాడికి స్టూలు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. నా కడుపున ఎలా పుట్టాడో. పైగా వారం నుంచి ఊళ్ళో లేడు."

"సరే. ఆయన పేరు కొట్టేశాను. ఇంక మిగిలింది మీరిద్దరే. మావయ్యా, మీ కుర్చీ రోజూ ఇక్కడేగా?"

"గచ్చుకి గుంట పడింది చూడు, నా కుర్చీ కాళ్ళకి."

"పెట్టె కన్నం ఉన్నది అటువైపు, వీధిదీపం వైపు. మీరు కూర్చున్నది ఇటు, పెట్టె వీపు వైపు. మరి గుడ్డు మీ గుండు మీద ఎలా పడింది?"

"గాలికి."

"గాలికి గుడ్డు మలుపు తిరిగిందా?"

"పెనుగాలి."

"మీ బీడీ పొగ నిలువుగా పైకి వెళ్తోంది మావయ్యా. తలెత్తండి. ఇద్దరూ తలెత్తి చూడండి. కన్నం ఎటు ఉంది?"

"కళ్ళజోడు తెచ్చుకోనా అమ్మాయ్?"

"నాన్నా, నువ్వు చెప్పు."

"ఇటు ఉంది."

"పెట్టె తిరిగింది! ఎవరో పెట్టెని గొట్టం మీద తిప్పేశారు! నాన్నా, నీకు ఆశ్చర్యంగా లేదేంటి?"

"ఉంది. ఉందే. అబ్బో. చాలా ఆశ్చర్యంగా ఉంది."

"నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు 'అబ్బో' అంటావు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను."

"సరే, చూశాను! తిరిగి ఉండటం నేను మొన్ననే చూశాను. చూసి నోరు మూసుకున్నాను. అడిగితే బావగారు పౌరుషానికి పోయి మళ్ళీ వెనక్కి తిప్పేస్తారని."

"నేనెందుకు తిప్పుతాను? అంటే, నేను తిప్పినట్టు మాట్లాడతారేంటి? పెట్టెలు తిరుగుతుంటాయి. భూమే తిరుగుతోంది!"

"నిచ్చెన తెండి."

"నిచ్చెన ఎందుకమ్మాయ్? సాయంత్రంపూట నిచ్చెనలెక్కకూడదు. పురుగూ పుట్రా..."

"నాన్నా, నిచ్చెన."

"ఇదిగో. మెల్లిగా ఎక్కు. రెండో మెట్టు వదులు, దాని మీద నిలబడకు."

"వదులుంటే బాగుచెయ్యొచ్చుగా, వడ్రంగి ఇంట్లోనే ఉన్నాడుగా?"

"ఈ ఇంట్లో ఉంటానో లేదో తేలాక మేకు కొడతాను బావగారూ. ఇంకా పందెమే తేలలేదు."

"గొడవ ఆపి నిచ్చెన పట్టుకోండి! చెరోపక్క! ...ఆఁ. వచ్చాను. పక్క తలుపు కనబడుతోంది. నాన్నా, ఈ తలుపు నువ్వు దేంతో బిగించావు?"

"రెండు స్క్రూలు. పైన ఒకటి, కింద ఒకటి. ఏడాదికోసారి తీసి శుభ్రం చెయ్యాలి కదా, అందుకు."

"బిగించాక స్క్రూ తల మీద గాటు ఎటు ఉంటుంది?"

"ఎటు ఆగితే అటు. స్క్రూ బిగిసిందా లేదా అన్నదే నా లెక్క. గాటు ఎటు చూస్తే నాకేం?"

"పిచ్చుక పెట్టెకి ఒకటి అడ్డంగా, ఒకటి ఐమూలగా ఉన్నాయి. పొద్దున నేను పక్కనే బట్టలారేశాను, చూశాను. దీనికి మాత్రం రెండు గాట్లూ నిలువుగా ఉన్నాయి. అచ్చంగా నిలువు. కొలబద్ద పెట్టి నిలబెట్టినట్టు."

"యాదృచ్ఛికం."

"మావయ్యా, మన హాల్లో స్విచ్చుబోర్డు స్క్రూలు ఎలా ఉంటాయి?"

"...ఎలా ఉంటాయి?"

"వంటింట్లో? మేడమెట్ల దగ్గర? స్నానాలగదిలో గీజరు పక్కన? నేను కాపురానికొచ్చిన కొత్తలో నన్ను తీసుకెళ్ళి ఒక్కొక్క బోర్డూ చూపించారు. 'చూడమ్మాయ్, గాట్లన్నీ నిలువు. కవాతులో సిపాయిల్లా. అడ్డంగా వదిలేస్తే దుమ్ము చేరుతుంది, చూపుకి చెదురుతుంది. స్క్రూ చూస్తే చాలు, ఎవరు బిగించారో చెప్పెయ్యొచ్చు' అని ఎవరన్నారు?"

"ఎప్పటి మాటమ్మాయ్ అది!"

"ఎవరన్నారు మావయ్యా?"

"ఎవడో పనిమంతుడు అని ఉంటాడు."

"జేబులోంచి చెయ్యి."

"తీస్తున్నా, తీస్తున్నా. ఇదిగో."

"గోళ్ళు చూడు చిట్టీ! నీలం! తెల్లచొక్కాలకి పెట్టే నీలిమందు!"

"చొక్కా ఉతుక్కున్నాను!"

"చొక్కా ఉడకబెట్టుకున్నారా బావగారూ?"

"సరే! సరేనయ్యా! నేనే! నేనే పెట్టాను గుడ్డు! మొన్న మధ్యాహ్నం అమ్మాయి ఆఫీసులో ఉంది, మీరు కలప అడితికి వెళ్ళారు. గుడ్డు ఉడకబెట్టాను, నీలిమందులో నానబెట్టాను, నిచ్చెనెక్కాను, తలుపు తీశాను, పెట్టాను. పెట్టి, పనిలో పనిగా గొట్టాన్ని పట్టుకున్న క్లాంపు వదులు చేసి పెట్టెని ఇటు తిప్పాను."

"అంటే నా మాట నిజమని ఒప్పుకున్నట్టేగా! వీధిదీపం వైపు పెట్టడం తప్పని!"

"ఒప్పుకోలేదు! తిప్పాను. తిప్పడం వేరు, ఒప్పుకోవడం వేరు."

"ఉడకబెట్టడం దేనికి మావయ్యా?"

"పచ్చిది పెడితే కుళ్ళి కంపు కొడుతుంది, ఇంకెప్పటికీ ఏ మైనా అటు మొహం చూపించదు. ఆ మాత్రం ఆలోచించనా? నేను దొంగనే కానీ దుర్మార్గుణ్ణి కాదు."

"ఇందాక దుర్మార్గుణ్ణన్నారు."

"ఇందాకటిది ఎత్తుగడ."

"బావగారూ. ఒక్క మాట అడుగుతాను. నేను ఓడిపోతే గది మీది. నన్నెందుకు గెలిపించాలనుకున్నారు?"

"ఫ్యాన్లు తుడవలేక."

"నిజం చెప్పండి."

"మావయ్యా, పొద్దుగూకుతోంది. చెప్పండి."

"ఏముంది చెప్పడానికి? పొద్దున్నే ఆ గదిలోంచి చర్రు చర్రున చిత్రిక చప్పుడు వస్తుంది. 'ఈయన మొదలెట్టాడురా బాబూ' అని తిట్టుకుంటూ లేస్తాను. లేచి వచ్చి మీరు చేసే పనిలో తప్పులు పడతాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం అరుచుకుంటాం. ఆకలేస్తుంది, తింటాం. సాయంత్రం క్యారమ్స్. మీరు రాకముందు ఏం చేసేవాణ్ణి? ఎవరింట్లోనన్నా ఫ్యూజు పోతుందేమోనని ఫోను పక్కన కూర్చునేవాణ్ణి. మీరు పోతే మళ్ళీ ఆ ఫోను పక్కనే కూర్చోవాలి. చాలా?"

"అయితే 'పందెం వద్దు బావా' అంటే సరిపోయేదిగా?"

"నేనెలా అంటాను? నేను మగపెళ్ళివాణ్ణి!"

"పెళ్ళయి ఆరేళ్ళయింది మావయ్యా!"

"అయితే? ఆరేళ్ళకి ఆడపెళ్ళివారిమై పోతామా?"

"ఛీ, నవ్వించకండి, నిచ్చెన ఊగుతోంది! నాన్నా, గట్టిగా పట్టుకో! నువ్వు కూడా నవ్వుతున్నావేంటి... ఉండండి. ఒక్క క్షణం ఉండండి."

"ఏమైంది?"

"కన్నం అంచు. పెట్టంతా ఎండకీ వానకీ నల్లబడింది. కన్నం అంచు మాత్రం తెల్లగా, కొత్త చెక్కలా ఉంది. ఆకురాయితో గీసిన గీతలు కూడా కనబడుతున్నాయి. చుట్టూ."

"అబ్బో."

"నాన్నా! అబ్బో అన్నావు!"

"అన్నానా?"

"కన్నం పెద్దది చేశారు! బావా! మీరు కన్నం పెద్దది చేశారు! నేను చెప్పిన మాట విన్నారు! దొంగచాటుగా! ఎప్పుడు?"

"మీరు పెట్టె తిప్పడానికి ముందురోజు. మీరు నిద్రపోతుంటే. నిచ్చెన మీద నిలబడి బయటినుంచే గీశాను. కొంచెమే."

"కొంచెమా? నేను నిచ్చెనెక్కినప్పుడు కళ్ళజోడు లేక కనబడలేదు కానీ! 'కొలత ప్రకారం ఉంది' అని ఇప్పటిదాకా ఎలా దబాయించారు! అమ్మాయ్, రాసుకో! ఎలక్ట్రీషియన్ మాట నెగ్గింది!"

"ఎలా నెగ్గుతుంది? మీరు పెట్టె తిప్పారు, వడ్రంగి మాట నెగ్గింది!"

"నేను తిప్పాను కానీ ఒప్పుకోలేదు!"

"నేనూ గీశాను కానీ ఒప్పుకోలేదు!"

"దేవుడా. ఈ తీగ మీది మైనా కూడా నా నెత్తి మీదకొచ్చి అరుస్తోంది. హుష్! మీ ముగ్గురి గోలతో నాకు పిచ్చెక్కేలా ఉంది. వినండి. ఇద్దరూ తప్పు చేశారు. కానీ పందెం పందెమే. గుడ్డు దొంగది, అది చెల్లదు. అదిగో, సూర్యుడు మేడవెనక్కి పోతున్నాడు."

"అవునమ్మా. చెల్లదు. నేనే అనబోతున్నాను. దొంగ గుడ్డుతో వచ్చే గది నాకొద్దు. బావగారు మనసులో మాట చెప్పారు, అది చాలు. కానీ మాటంటే మాటే. సర్దుకుంటాను."

"సర్దుకోవడమేంటి? సరదాగా అనుకున్నదానికి!"

"మీరు సరదాగా అన్నారేమో. నేను నలుగురి ముందు చేతిలో చెయ్యేసి అన్నాను. ఓడిపోయినవాడు ఆ గదిలో కూర్చుని చెక్క చెక్కితే నా ఉలికే సిగ్గు. చిట్టీ, దిగు. రేపు బండి మాట్లాడతాను."

"బావా, ఇదిగో, ఇటు చూడండి. నేను ఓడిపోతాను. నాకేం అభ్యంతరం లేదు. నేను బాగా ఓడిపోగలను."

"మీరు ఓడిపోలేరు బావగారూ. మైనా దిగలేదు."

"అమ్మాయ్, ఏదన్నా చెప్పు! ఇన్సూరెన్స్ కాగితాల్లో ఎప్పుడూ ఏదో ఒక సందు ఉంటుందిగా!"

"ఒకటుంది మావయ్యా. సందు కాదు. ప్రశ్న. ఇందాకట్నుంచీ ఎవరూ అడగలేదు."

"ఏంటది?"

"గుడ్డు పెట్టింది మీరు."

"నేనే. ఒప్పుకున్నానుగా, ఇంకా ఎన్నిసార్లు?"

"మరి బయటికి తోసింది ఎవరు?"

"ఎవరు?"

"పెట్టె లోతు జానెడు. ఉడకబెట్టిన గుడ్డు తనంతట తను గోడెక్కి కన్నంలోంచి దూకదు. నాన్నా, నువ్వా?"

"లోపల గుడ్డుందని నాకిప్పుడే తెలిసింది. పైగా అది పడినప్పుడు నా చేతిలో టీ గ్లాసుంది, నువ్వే చూశావు."

"మావయ్యా, మీరా?"

"నా గుడ్డు నేనే తోసి నా నెత్తి మీదే వేసుకుంటానా? అమ్మాయ్, నేనెంత తెలివితక్కువవాణ్ణయినా..."

"నేనూ కాదు. మరి ఇంకెవరు? స్క్రూడ్రైవర్ ఇవ్వండి. తొందరగా!"

"ఇదిగో. జాగ్రత్త, ముందు కింది స్క్రూ వదులు చెయ్యి, పైది తియ్యకు, తలుపు దాని మీదే తిరుగుతుంది."

"తెలుసు. ...వస్తోంది... వచ్చింది. తలుపు తీస్తున్నా."

"ఏముంది?"

"అమ్మాయ్, ఏముందో చెప్పు, నా గుండె ఆగిపోతోంది!"

"మావయ్యా. మీరు లోపల గడ్డి పరిచారా?"

"గడ్డా? గడ్డెందుకు? వట్టి చెక్క మీద గుడ్డు పెట్టాను, అంతే."

"నాన్నా, నువ్వు?"

"నేను తలుపే తియ్యలేదన్నానుగా."

"అయితే వినండి. ఎండుగడ్డి గిన్నెలా చుట్టి ఉంది. మధ్యలో ఒక ఈక. ఒక బిస్కెట్ కాగితం. ఇదేంటి... ఎర్ర వైరు తొడుగు. మీదే మావయ్యా, మీ సంచీ పక్కన పడేస్తారే, ఆ ముక్క. అడుగంతా చిత్రిక పొట్టు. ఉంగరాలు ఉంగరాలుగా."

"నా టేకు పొట్టు! నిన్న కుప్ప తగ్గినట్టుందేంటా అనుకున్నాను!"

"మూసెయ్! మూసెయ్ అమ్మాయ్, తొందరగా! ఎవరి ఇల్లో అది!"

"మూస్తున్నా, మూస్తున్నా. ఒక్క స్క్రూ... అయింది."

"గాటు నిలువుగా ఉందా?"

"మావయ్యా!"

"ఊరికే అడిగాను."

"నేను దిగుతున్నాను. నిచ్చెన వదలకండి. ఆఁ, దిగాను. ఇద్దరూ మూడడుగులు వెనక్కి జరగండి. ఇంకా. ఇప్పుడు నోరు మూసుకుని ఆ తీగ వైపు చూడండి."

"అదా? ఇందాకట్నుంచీ మనల్ని తిడుతున్నదేగా."

"ఎందుకు తిడుతోందనుకున్నారు?"

"...బావా."

"ఊఁ."

"వస్తోంది బావా."

"చూస్తున్నాను. కదలకండి."

"నోట్లో గడ్డిపరక ఉంది."

"ఉందండీ."

"దూరింది! పొట్ట తగలకుండా దూరింది! నేను చెప్పలేదూ, కన్నం పెద్దది చెయ్యమని!"

"ఇటువైపు ఉండబట్టి దూరింది! నేను చెప్పలేదూ, మొహం ఇటు తిప్పమని!"

"ఎందుకేడుస్తున్నారు బావా?"

"గుడ్డు తగిలి నా టీ ఒలికిపోయింది, అందుకు. మీరెందుకేడుస్తున్నారు?"

"నాకు తలనొప్పి. గుండు బొప్పి కట్టింది. అమ్మాయ్, నువ్వు అధికారిగా చెప్పు, నేను కేసు పెడుతున్నాను. తీర్పు కావాలి. పొద్దుగూకకముందే, అందరికీ వినబడేలా చెప్పు. నా నెత్తి మీద గుడ్డు వేసిందెవరు?"

"తన ఇంట్లో ఎవరో దొంగ గుడ్డు పెట్టిపోతే పట్టుకుని బయటికి విసిరేసిన ఇంటావిడ మావయ్యా. మైనా!"